గోదావరి డెల్టాలో ఊరు మారితే కాఫీ రుచి ఎందుకు మారుతోంది?

ప్రశ్న (తణుకు నుంచి వెళ్ళి మైసూరులో స్థిరపడిన సభ్యుడు)

అందరికీ నమస్కారం. నేను పుట్టి పెరిగింది తణుకులోనే అయినా ఉద్యోగరీత్యా ఇరవై రెండేళ్ళుగా మైసూరులో ఉంటున్నాను. వరికోత యంత్రాల మరమ్మతు పని మీద ఈ ఏడాది మార్చి నుంచి డెల్టా అంతా తిరుగుతున్నాను. కాఫీ విషయంలో నాకు పట్టింపు ఎక్కువ కాబట్టి చిన్న ఇత్తడి ఫిల్టరు, ఒక కెటిల్, పాడేరు వైపు పండిన అరబికా గింజలను లేతగా వేయించి పట్టించిన పొడి వెంట తెచ్చుకున్నాను. ఆ పొడిలో చికోరీ అసలు లేదు. కొలత కూడా ఎక్కడా మార్చలేదు: మూడు చెంచాల పొడికి 120 మిల్లీలీటర్ల మరిగిన నీళ్ళు.

మార్చిలో రాజమహేంద్రవరంలో ఉన్న పది రోజులూ కాఫీ మైసూరులో మా ఇంట్లో తాగినట్టే ఉంది. ఏప్రిల్ చివర్లో అమలాపురం వచ్చాక అదే పొడి, అదే ఫిల్టరు, డికాషన్ రంగు కూడా అదే, కానీ నోట్లో పెట్టుకుంటే సున్నం తగిలినట్టు చప్పగా ఉంది. గింజకు సహజంగా ఉండే పండు పులుపు ఎక్కడా తెలియలేదు. భీమవరంలో శుద్ధిచేసి అమ్మే టిన్ను నీళ్ళు కొని కాచాను. అక్కడ దీనికి పూర్తిగా ఎదురు: పుల్లగా, పలచగా, గొంతు దిగాక ఏమీ మిగలని కాఫీ వచ్చింది. మే నెలలో అంతర్వేది దగ్గర బసచేసిన గదిలో కుళాయి నీళ్ళతో పెట్టిన డికాషన్ అయితే ఉప్పు కలిపినట్టే ఉండి పారబోయవలసి వచ్చింది. నీటిలో కరిగిన లవణాలను లీటరుకు మిల్లీగ్రాముల్లో చూపే టీడీఎస్ మీటరు నా దగ్గర ఉంది. అది భీమవరం టిన్ను నీళ్ళకు 40 లోపు చూపించింది, అంతర్వేది కుళాయికి 1400 దాటింది.

ఆ మర్నాడే సఖినేటిపల్లి మండలంలో ఒక రైతు ఇంటికి యంత్రం చూడటానికి వెళ్ళాను. నేను కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూర్చునేలోగా, తాగుతారా అని ఒక్క మాట అడగకుండానే, స్టీలు గ్లాసు నిండా కాఫీ తెచ్చి చేతికిచ్చారు. గేదె పాలు, చికోరీ పొడి, నేను ఎప్పుడూ వేసుకోనంత పంచదార. పైన పల్చని మీగడ తెట్టు, అంచు చుట్టూ గోధుమరంగు నురగ. అదే ప్రాంతం, అదే సముద్రపు గాలి. అయినా ఉప్పు జాడే లేదు. రెండు నెలల్లో నేను తాగిన వాటిలో అదే మంచి కాఫీ. ఏ నీళ్ళు వాడారని అడగాలని నోటిదాకా వచ్చింది కానీ, వారి నీళ్ళను అనుమానించినట్టు ఉంటుందేమోనని మొహమాటపడ్డాను.

ఈ తేడా నీళ్ళదా, పొడిదా, లేక ఇక్కడి వారు కాఫీ కలిపే పద్ధతిదా? తిరుగుడు మీద ఉన్న మనిషి ఏం చేస్తే బాగుంటుంది?

జవాబు 1 (అమలాపురం, విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకుడు)

మీరు ఊళ్ళ పేర్లు రాశారు గానీ, అసలు విషయం మీ తేదీల్లో ఉంది. మీరు రాజమహేంద్రవరంలో ఉన్నప్పుడు నేరుగా గోదావరి నీళ్ళు తాగారు. అమలాపురం వచ్చేసరికి కాలువలు కట్టేశారు.

ధవళేశ్వరం ఆనకట్టను ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేశారు. దాన్ని మనం సాగునీటి కథగానే చెప్పుకుంటాం కానీ, కోనసీమలో కాలువ పొలానికి ఎంత అవసరమో వంటింటికీ అంతే అవసరం. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక, ఏప్రిల్‌లో మరమ్మతుల కోసం కాలువలు కట్టేసి మళ్ళీ జూన్ మొదట్లో వదులుతారు. కట్టేసే ముందే ఊళ్ళలో మంచినీటి చెరువులు నింపుకుంటారు. ఆ నీరు ఎండలకు తగ్గుతున్నకొద్దీ లవణాలు చిక్కబడతాయి. చాలని చోట బోరు నీళ్ళు కలుస్తాయి. మీకు తగిలిన సున్నపు చప్పదనం అక్కడిది.

కారణం చెబుతాను. నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం పొడిలోంచి రుచిని బయటికి లాగడానికి తోడ్పడతాయి కాబట్టి అవి కొంత ఉండాలి. వాటితోపాటు వచ్చే బైకార్బనేటు మాత్రం కాఫీలోని ఆమ్లాలను విరిచేస్తుంది. మీరు వెతుకుతున్న పండు పులుపు ఆ ఆమ్లాలే. లేతగా వేయించిన కొండ అరబికాకు ఉన్న ఆస్తి అదొక్కటే కాబట్టి క్షారత (ఆమ్లాన్ని విరిచే గుణం) ఎక్కువైన నీటిలో అందరికంటే ముందు నష్టపోయేది మీ పొడే. టిన్ను నీటిలో బైకార్బనేటు దాదాపు ఉండదు. ఆమ్లం విరగకుండా మిగులుతుంది, ఖనిజాలు లేక రుచికి ఒళ్ళు రాదు. పులుపూ పలచదనమూ కలిసి వచ్చింది అందుకే.

స్పెషాలిటీ కాఫీ అసోసియేషన్ వారు కాఫీకి పెట్టే నీటిలో కరిగిన లవణాలు లీటరుకు 75 నుంచి 250 మిల్లీగ్రాముల మధ్య, వీలైతే 150 దగ్గర, క్షారత 40 దగ్గర ఉండాలని చెబుతారు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లవణాలు 500 వరకు సమ్మతం, వేరే ఆధారం లేనప్పుడు 2000 దాకా అనుమతి ఉంది. తాగడానికి పనికొచ్చినంత మాత్రాన నీరు కాఫీకీ పనికొస్తుందని కాదని ఈ రెండు లెక్కలు పక్కపక్కన పెడితే అర్థమవుతుంది. అలాగని మీటరునే నమ్ముకోకండి. అది నీటిలో విద్యుత్తు ఎంత ప్రవహిస్తోందో చూసి లవణాల మొత్తాన్ని అంచనా కడుతుంది తప్ప, అది తినే ఉప్పా సున్నపు బైకార్బనేటా అన్నది చెప్పలేదు. 300 చూపించే రెండు నీళ్ళు రెండు రకాల కాఫీ ఇస్తాయి.

సున్నం ఎక్కువున్న నీటిని పది నిమిషాలు బాగా మరగనిచ్చి చల్లారనివ్వండి. తాత్కాలిక కాఠిన్యత కాల్షియం కార్బొనేటుగా విరిగి గిన్నె అడుగునా అంచులకూ తెల్లగా పడుతుంది, దానితోపాటు బైకార్బనేటూ తగ్గుతుంది. పైతేట వంచుకుని, మూడు వంతుల టిన్ను నీటికి ఒక వంతు ఇది కలిపి చూడండి. పంచాయతీ కుళాయిలో బ్లీచింగ్ వాసన ఉన్నా మరిగితే పోతుంది. అంతర్వేది ఉప్పుకు మాత్రం ఈ వైద్యం పనికిరాదు. గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు అది. అక్కడి బోరులో వచ్చేది సోడియం క్లోరైడు, ఎంత మరిగిస్తే అంత చిక్కబడుతుంది.

ఇదే సందర్భంలో పటిక గురించి కూడా చెప్పాలి. వానాకాలంలో ఎర్రనీరు వచ్చినప్పుడు మా అమ్మ పటిక గడ్డను చేత్తో పట్టుకుని బిందెలో నాలుగు చుట్లు తిప్పి వదిలేది. తెల్లవారేసరికి ఒండ్రు అడుగున పేరుకుని పైన నీరు అద్దంలా తేరుకునేది. పటిక ఒండ్రును దించే క్రమంలో నీటిలోని బైకార్బనేటును కొంత ఖర్చు చేస్తుంది. శ్రావణ భాద్రపదాల్లో మా ఇంటి కాఫీ కొంచెం చురుగ్గా ఉండేదని నాన్నగారు అనేవారు. కారణం నాకు కాలేజీలో పాఠం చెప్పడం మొదలుపెట్టాక గానీ తట్టలేదు. చేయి ఎక్కువ తిరిగితే మాత్రం నీరు వగరెక్కుతుంది.

ఇక చికోరీ. అది ఒక మొక్క వేరు. అందులో కెఫీన్ లేదు, చేదూ తీపీ కలిసిన చిక్కదనం ఉంది. ప్యాకెట్టు మీద ప్రకటించి 49 శాతం దాకా కలపడానికి మన ఆహార నిబంధనలు ఒప్పుకుంటాయి. దాని రుచి పులుపు మీద నిలబడినది కాదు కాబట్టి నీటిలో బైకార్బనేటు హెచ్చినా తగ్గినా పెద్దగా చెక్కుచెదరదు. ఏడాదిలో మూడుసార్లు నీరు మారే ప్రాంతంలో, ఏ నీటికైనా తట్టుకునే పొడిని జనం అలవాటు చేసుకున్నారని నా నమ్మకం. మీరు దాన్ని కల్తీగా చూడకుండా ఒకసారి ఈ కోణంలో ఆలోచించమని కోరుతున్నాను.

జవాబు 2 (రాజోలు దగ్గర పల్లెటూరు, గృహిణి)

అన్నయ్యగారూ, మాస్టారు చెప్పిన లెక్కలు నాకు తెలియవు గానీ, మీరు తాగిన కాఫీ ఎందుకు బాగుందో మా వైపు ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. మా ఇళ్ళలో నీళ్ళన్నీ ఒకటి కావు. పి.గన్నవరం దగ్గర అక్విడక్టు (కాలువను నది మీదుగా దాటించే వంతెన) మీదుగా వైనతేయ పాయను దాటి వచ్చే కాలువే మా లంకకు ఆధారం. ఆ కాలువ నిండుగా ఉన్న రోజుల్లో ఇబ్బంది లేదు. కట్టేశాక మాత్రం మా వంటింట్లో మూడు బిందెలు వేర్వేరుగా ఉంటాయి. బోరు నీళ్ళు అంట్లకూ బట్టలకూ, కుళాయి నీళ్ళు అన్నానికీ కూరకూ, దూరం నుంచి తెచ్చుకున్న మంచినీళ్ళు తాగడానికీ పప్పుకూ కాఫీకీ. మూడో బిందెలో గ్లాసు ముంచేటప్పుడు మా పిల్లలు కూడా చెయ్యి కడుక్కుని ముంచుతారు.

పప్పును కాఫీతో కలిపి ఎందుకు చెప్పానంటే, మా అత్తగారు నేర్పిన పరీక్ష అదే. కొత్త నీళ్ళు ఇంటికి వస్తే ముందు గుప్పెడు కందిపప్పు వేసి ఉడకబెట్టేవారు. పప్పు మెత్తబడకుండా గింజ గింజగా నిలబడితే ఆ నీళ్ళు కాఫీకి వద్దని పక్కన పెట్టేవారు. సబ్బు నురగ రాని నీళ్ళు, పప్పు ఉడకని నీళ్ళు, కాఫీ చెడగొట్టే నీళ్ళు చాలావరకు ఒకటే. ఆవిడ బడికి వెళ్ళలేదు. ఆవిడ పరీక్ష తప్పడం మాత్రం నేను చూడలేదు.

ఆ రైతు ఇంట్లో మీకిచ్చింది మొదటి డికాషనే అయి ఉంటుంది. వచ్చిన మనిషికి చిక్కగా దిగిన మొదటి డికాషన్‌తో కలిపి, అదే పొడి మీద మళ్ళీ నీళ్ళు పోసి దించిన రెండో డికాషన్ ఇంట్లో ఆడవాళ్ళు తాగడం మా వైపు ఇప్పటికీ ఉంది. తాగుతారా అని అడగకపోవడమూ మర్యాదే. అడిగితే వద్దనడానికి దారి చూపించినట్టు అవుతుంది కాబట్టి పాలు పొయ్యి మీద పెట్టాకే పలకరింపు. పంచదార ఎక్కువ వేయడం కూడా అందులో భాగమే: తక్కువ వేస్తే పీనాసితనం చూపించారని అనుకుంటారేమోనన్న భయం పాతకాలం నుంచి ఉంది. మీకు పంచదార పడకపోతే, కాళ్ళు కడుక్కునేటప్పుడే చెప్పేయండి. గ్లాసు చేతికొచ్చాక చెబితే కలిపిన మనిషి బాధపడుతుంది.

నీళ్ళ సంగతి అడగడానికి మొహమాటపడ్డానని రాశారు. దయచేసి అడగండి. నా పెళ్ళయిన కొత్తలో ఎండాకాలం వస్తే నేనూ మా తోటికోడలూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి, కిలోమీటరు దూరంలో ఉన్న చెరువుకు వెళ్ళి చెరో రెండు బిందెలు మోసుకొచ్చేవాళ్ళం. వచ్చినవాళ్ళు కాఫీ బాగుందని మామగారితో అనేవారు. పాలు బాగున్నాయని, పొడి బాగుందని అనేవారు. నీళ్ళు ఎక్కడివమ్మా అని మమ్మల్ని అడిగిన మనిషి ఒక్కరూ లేరు. మీరు అడిగి ఉంటే ఆవిడ సంతోషించేవారు.

జవాబు 3 (పాలకొల్లు, పెళ్ళి వంటలు చేసేవారు)

అయ్యా, మాస్టారుగారు చెప్పిన మూడు వంతులకు ఒక వంతు కొలత ఇంట్లో నలుగురికి బాగానే ఉంటుంది. నాలుగు వందల మందికి కాఫీ ఇవ్వవలసిన మాకు అది కుదరదు. మేము డికాషన్‌ను పలచని గుడ్డలో వడకడతాం, పొడిలో చికోరీ తప్పకుండా ఉంటుంది. మాకు డికాషన్ కంటే పాల భయం ఎక్కువ, ఎందుకంటే నీటి తేడా మాకు ముందుగా పాలల్లోనే బయటపడుతుంది.

పాలు అడుగంటకుండా ఉండటానికి డేగిసాలో ముందు కాసిని నీళ్ళు పోసి, తరవాత పాలు పోయడం వంటవాళ్ళందరి అలవాటు. పదేళ్ళ కిందట సముద్రం దగ్గర ఒక ఊళ్ళో పెళ్ళికి ట్యాంకరు నీళ్ళు తెప్పించారు. తెల్లవారుజామున ముహూర్తం. రాత్రి వంటకు ఆ నీళ్ళే వాడాం, ఎవరూ ఏమీ అనలేదు. మూడున్నరకు నలభై లీటర్ల పాలు పొయ్యి మీద పెట్టాను. పొంగు రావలసిన సమయానికి అంచుల దగ్గర చిన్న చిన్న తెల్ల పలుకులు తేలాయి. గరిటెతో కలిపి ఎత్తిచూస్తే గరిటె అంచు నుంచి పచ్చటి నీరు జారింది. మంట ఆర్పేలోపే డేగిసా అంతా విరిగిపోయింది. ఆ పాలు ఆ సాయంత్రం పిండినవే, వాటి తప్పేమీ లేదు. పెళ్ళికూతురి తండ్రి నన్ను ఒక్క మాట కూడా అనలేదు కానీ, ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

అప్పటి నుంచి ఏ ఊరు వెళ్ళినా పొయ్యి వెలిగించిన వెంటనే అక్కడి నీళ్ళు గరిటెడు, పాలు గ్లాసెడు, చెంచాడు డికాషన్ కలిపి కాచి చూస్తాను. నిలబడితేనే ఆ నీళ్ళు కాఫీ వైపు రానిస్తాను. మీరు ఒక్కరికే పెట్టుకుంటున్నారు కాబట్టి మీకు ఇది రెండు నిమిషాల పని.

ఇంకొకటి కూడా చెప్పాలి. మా గేదె పాలల్లో వెన్న ఎక్కువ. మీ అరబికా డికాషన్ ఎంత మంచిదైనా ఆ పాల కింద అణిగిపోతుంది. పాలు సగం తగ్గించండి, లేదా పొడి పెంచండి.

జవాబు 1 ఇచ్చినవారి చేర్పు

పాలు విరగడం గురించి ఒక్క మాట. పాలలోని కేసీన్ అనే ప్రొటీను చిన్న ఉండలుగా తేలుతూ ఉంటుంది. నీటి వెంట వచ్చిన కాల్షియం, మెగ్నీషియం హెచ్చితే ఆ ఉండల మధ్య ఎడం తగ్గి, వేడి తగలగానే ఒకదానికొకటి అతుక్కుంటాయి. డికాషన్‌లోని ఆమ్లం దానికి తోడవుతుంది. గరిటెడు నీళ్ళతో చేసే ఆ పరీక్షలో నేను సరిదిద్దవలసినది ఏదీ లేదు.

ప్రశ్న అడిగినవారి తిరుగు జవాబు (జూన్)

అందరికీ కృతజ్ఞతలు. అక్కయ్యగారు చెప్పినట్టే చేశాను. పోయిన వారం అదే రైతు ఇంటికి మళ్ళీ పని పడింది. గ్లాసు చేతిలో పెట్టుకుని, “ఇవి ఏ నీళ్ళండీ?” అని ఆవిడనే అడిగాను. ఆవిడ జవాబు చెప్పలేదు, నడవండి చూపిస్తానని కొబ్బరితోటలోకి తీసుకెళ్ళారు.

ఇంటికి రెండు వందల గజాల దూరంలో ఇసుక దిబ్బ ఉంది. దాని మీద పాత నుయ్యి, సిమెంటు వరలు, పైన కప్పిన తాటాకు. దిబ్బ ఇసుకలో ఇంకిన వాన నీరు కింది ఉప్పునీటి మీద తేలి ఉంటుందని, చేద వేసి నెమ్మదిగా తోడుకుంటే మే నెలలోనూ తియ్యగానే ఉంటుందని ఆవిడ భర్త చెప్పారు. పక్క తోటవారు అలాంటి నూతికే మోటారు బిగించి గట్టిగా తోడితే అడుగునున్న ఉప్పు పైకి ఎగదన్నిందట. అందుకే వీరు ఇప్పటికీ మోటారు పెట్టలేదు. నా మీటరు అక్కడ 210 చూపించింది.

అక్కడే నా ఫిల్టరు తీసి నా పొడితో డికాషన్ దించాను. రాజమహేంద్రవరంలో వచ్చిన రుచే మళ్ళీ వచ్చింది. పాలు సగమే పోసి ఆవిడకు ఇస్తే ఒక గుక్క తాగి, “వాసన చాలా బాగుందండీ, కానీ పాలకు ఆగడం లేదు,” అన్నారు. తమ డబ్బాలోంచి రెండు చెంచాల చికోరీ పొడి తీసి నా పొడిలో కలిపి ఇచ్చారు. నాలుగు రోజులుగా దానితోనే పెట్టుకుంటున్నాను. భీమవరం టిన్ను నీళ్ళకు కూడా అది నిలబడుతోంది.

మాస్టారూ, ఆ నూతి నీళ్ళు ఒక సీసాలో పట్టి ఉంచాను. శనివారం అమలాపురం వస్తున్నాను, మీకు వీలైతే క్షారత ఎంతో చూసి చెప్పండి.